ఊరు ఓటేసి తీసేసిన గొంతు

కాశింబీని ఊరు చంపింది. కరెంటు కాదు, యంత్రం కాదు, తలరాత అంతకన్నా కాదు. జమ్ములవాగు ఊరు పట్టపగలు సభ పెట్టి, చేతులెత్తి, ఓటేసి చంపింది. ఈ విషయంలో దస్తగిరికి అనుమానం లేదు. ఎవరితోనూ వాదించడు కూడా. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరితోనైనా వాదనకు దిగుతామా?

జమ్ములవాగులో దూదేకులవాళ్ళవి పదిళ్ళు. ఊరి చివర బజారుకు ఒక పక్క వాళ్ళ మసీదు, ఎదురుగా ఇంకో పక్క దస్తగిరి ఇల్లు. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో దూది ఏకే మిషను. దస్తగిరి పరుపులు కుడతాడు. ఐదు పూటలా మసీదు మెట్లెక్కి నమాజుకు అజాన్ పిలుస్తాడు. దానికి జీతం లేదు, మైకు లేదు. చెవి మీద చెయ్యి పెట్టి గొంతెత్తితే వాగు అవతల గొడ్లు కాసేవాళ్ళకు కూడా వేళ తెలిసేది. ఊళ్ళో ఏ కులంలో పెళ్ళి జరిగినా పరుపు మాత్రం దస్తగిరి కుట్టిందే ఉండాలి. అతను కుట్టిన పరుపు ముద్ద కట్టదని పేరు.

ఊరికి ఉత్తరాన గుట్ట మీద కంకర క్రషర్ పెట్టారు. అప్పటి నుంచి ఊరికి నిద్ర లేదు. పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. పాలిచ్చే గేదెలు తన్నేవి. ముసలివాళ్ళకు చెవులు పోయాయి. దస్తగిరి భార్య కాశింబీకి తలనొప్పి పట్టుకుంది. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని దూది దులిపేది. కలెక్టరుకు చెప్పుకున్నారు, కోర్టుకు తిరిగారు. క్రషర్ ఆగలేదు.

ఆ సమయంలో నగరంలోని ఒక ప్రయోగశాల నుంచి డాక్టర్ హైమ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, కాటన్ చీర, చేతికి గడియారం తప్ప ఇంకేమీ లేదు. ఊరి చుట్టూ సన్నటి ఇనుప స్తంభాలు పాతించింది. పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని కూర్చోబెట్టి, టీ బంకు అంకమ్మను ఒక పళ్ళెం, గరిటె తెమ్మంది. గరిటెతో పళ్ళెం మీద కొట్టింది. టంగుమంది. ఆ మోతను స్తంభానికి వినిపించి మళ్ళీ కొట్టింది. గరిటె పళ్ళేనికి తగలడం అందరికీ కనిపించింది. చప్పుడు మాత్రం లేదు. గట్టిగా కొట్టింది. పళ్ళెం సొట్ట పడింది. చప్పుడు లేదు.

"అయ్య బాబోయ్, నా పళ్ళెం!" అంది అంకమ్మ. ఆ మాట మాత్రం అందరికీ వినపడింది. జనం గొల్లుమన్నారు.

"మంత్రమా అమ్మా?" అని ఎవరో అడిగారు.

"మంత్రం కాదు. నీళ్ళలో ఇటునుంచి ఒక అల వస్తుంటే, అటునుంచి సరిగ్గా దానికి ఎదురు అల పంపామనుకోండి. రెండూ కలిసి నీళ్ళు చదునైపోతాయి. ఈ స్తంభాలు గాలిలో ఆ పని చేస్తాయి. ఏ మోత నేర్పితే ఆ మోతనే ఆర్పుతాయి. మిగతావి వాటికి పట్టవు."

ఆర్పాల్సిన మోతతో పాటు ఆర్పకూడనివి కూడా స్తంభాలకు తెలియాలట. అందుకని హైమ ఒక చిన్న మైకు పట్టుకుని ఊరంతా తిరిగింది. గుడి గంట, చర్చి గంట, ఉయ్యాల పాట, దూడ అరుపు, పిల్లల ఏడుపు అన్నీ పట్టుకుంది. చివరికి మసీదు దగ్గరికి వచ్చి దస్తగిరిని అజాన్ పిలవమంది.

"ఇప్పుడు వేళ కాదమ్మా" అన్నాడు దస్తగిరి.

"ఒక్క నిమిషం చాలండి. నమూనా కోసం."

"వేళ కాని వేళ పిలిస్తే జనం పనులొదిలి పెట్టి వస్తారు. వచ్చి ఏందని అడిగితే ఏం చెప్పేది? నమూనా అని చెప్పేదా?"

హైమకు బస్సు వేళయింది. మధ్యాహ్నం దాకా ఆగలేదు. "సరే, మాట ఏదైనా ఫరవాలేదు. మీరు గొంతెత్తితే ఎలా ఉంటుందో అది కావాలి" అంది.

దస్తగిరి ఆలోచించాడు. గొంతెత్తి అతను పిలిచేవి లోకంలో రెండే. ఒకటి అజాన్. రెండోది షెడ్డు వైపు తిరిగి పిలిచాడు.

"కాశింబీ! ఓ కాశింబీ!"

కాశింబీ జుట్టు నిండా దూది పింజలతో బయటికి ఉరికింది. "ఏం కొంప మునిగింది? ఇంత దగ్గరకి అంత అరుపెందుకు? నేనేమన్నా చెవిటిదాన్నా?"

హైమ నవ్వుతూ మైకు దించింది. ఆ నమూనాకు 'దస్తగిరి అజాన్' అని పేరు పెట్టుకుంది. పూజలు, ప్రార్థనలు, ఏడుపులు, కేకలు, ఇలాంటివాటన్నిటికీ యంత్రంలో ఒక గడియ వేసింది. ఊరంతా ఒక్కటై అడిగినా ఆ గడియ వెనక ఉన్నవాటిని స్తంభాలు ఆర్పవు. అది తన నియమం అని చెప్పింది. ఊరు సరేనంది. క్రషర్ మోత పోతే చాలు, ఊరు ఆ రోజు దేనికైనా సరే అనేదే.

మోత పోయింది. గుట్ట మీద దుమ్ము లేస్తూనే ఉంది, లారీలు కంకర మోస్తూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం ఊళ్ళోకి రాలేదు. ఆ మొదటి రోజు జనం బజారులో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెట్టు మీద పిట్ట అరిస్తే కొత్తగా విన్నారు. కాశింబీ నుదుటి గుడ్డ విప్పేసింది. దస్తగిరి అబద్ధమాడడు: ఆ స్తంభాల వల్ల ఊరికి మేలు జరిగింది.

అయితే పెద్ద మోత పోయాక చిన్న చప్పుళ్ళు పెద్దవయ్యాయి. ఆకలి తీరినవాడికి కూరలో ఉప్పు సంగతి గుర్తొచ్చినట్టు. నెలకోసారి పంచాయతీ ఆఫీసు ముందు సభ జరిగేది. ఏ చప్పుడు ఆర్పాలో ఎవరైనా అడగొచ్చు. చేతులెత్తుతారు. ఎక్కువ చేతులు ఎటుంటే అటు. డీజే బాక్సులు పోయాయి. పాల వ్యాను హారన్ పోయింది. వీధి కుక్కల మొరుగు పోయింది. వాటికి దస్తగిరి కూడా చెయ్యెత్తాడు. కుక్కల తరఫున మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు.

ఏడాది గడిచాక స్తంభాలను ప్రయోగశాల ఊరికి అప్పగించింది. అప్పుడే గడియ సంగతి వచ్చింది. సర్పంచ్ చెన్నకేశవులు అడిగాడు: "ఊరు మాది, చెవులు మావి. మరి గడియ మీ చేతిలో ఉండటమేంది మేడమ్? మా మీద మాకు నమ్మకం లేదనా?" సభ చప్పట్లు కొట్టింది. చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. హైమ కాసేపు తటపటాయించింది. పై అధికారులకు ఫోన్ చేసింది. ఎక్కువమంది అడుగుతున్నప్పుడు కాదనడం బాగుండదన్నారు. గడియ తీసేసి వెళ్ళిపోయింది.

చెన్నకేశవులు చెడ్డవాడేం కాదు. అతనూ దస్తగిరీ ఊరి బడిలో ఐదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అతని పెళ్ళి పరుపు దస్తగిరే కుట్టాడు. ఇప్పటికీ ఏరా అంటే ఏరా అనుకుంటారు.

మరుసటి నెల సభలో ఎరువుల కొట్టు మల్లికార్జున లేచాడు.

"ఎవరి మీదా నాకు కోపం లేదు. తెల్లారుగట్ల ఆ పిలుపుంది చూడండి, క్రషరున్నప్పుడు తెలిసేది కాదు. ఇప్పుడు చెవి పక్కన నిలబడి అరిచినట్టుంటంది. మా వాడికి పరీక్షలు. నిద్ర చాలట్లా."

"మరి గుడి మైకు?" అన్నాడు దస్తగిరి.

"అది ఊరి మైకు గదయ్యా."

"నేను ఊరు కాదా?"

చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు ఊరు కాదని ఎవరన్నారు రా? నీ నోరెవడూ మూయట్లా. పిలుచుకో, ఎంతసేపన్నా పిలుచుకో. నిన్నాపే హక్కు ఎవడికీ లేదు. మాకు వినపడదు, అంతే. నీకొచ్చిన నష్టమేంది?"

"వినపడకపోతే అది పిలుపెట్టా అవుద్దిరా?"

"అందరికీ నచ్చాలంటే ఎట్టా? నలుగురితో నారాయణా అనాలి గదా."

"పుట్టిన కాడి నుంచి నలుగురితో నారాయణా అంటానే ఉన్నాం కేశవులూ. మా మాట మమ్మల్ని ఒక్కటి అననీయండి."

"నా చేతిలో ఏముంది? ఊరు చెప్పినట్టే" అని చెన్నకేశవులు సభ వైపు తిరిగాడు. "కావాలనేవాళ్ళు చేతులెత్తండి."

ఎత్తారు. దస్తగిరి ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా చూశాడు. తెలియని చెయ్యి ఒక్కటీ లేదు. ఎత్తినవాళ్ళంతా తను కుట్టిన పరుపు మీద పడుకుని, తన పిలుపు వల్ల నిద్ర చెడుతోందంటున్నవాళ్ళే. చర్చికి వెళ్ళేవాళ్ళు చేతులు ఎత్తలేదు, వద్దని కూడా అనలేదు. నేల చూపులు చూశారు. తమ వంతు రాకుంటే చాలనుకున్నారేమో. దూదేకుల ఇళ్ళలో కొందరు అసలు సభకే రాలేదు. ఊరితో పనులుంటాయి. దస్తగిరి వాళ్ళనూ మర్చిపోలేదు.

మర్నాడు తెల్లారుగట్ల మసీదు మెట్లెక్కాడు. చెవి మీద చెయ్యి పెట్టాడు. గొంతెత్తాడు. ఛాతీ అదిరింది, మెడ నరాలు బిగిశాయి, తల లోపల మోగింది. పెదవి దాటిన తరువాత ఏమీ లేదు. నూతిలోకి రాయి వేస్తే చప్పుడు రానట్టు. చివరిదాకా పిలిచాడు. దిగి, కర్ర తీసుకుని, తొమ్మిదిళ్ళ తలుపులూ తట్టి వచ్చాడు.

కాశింబీ పొయ్యి ముందు కూర్చుని ఉంది. "దేవుడికి వినపడితే చాలదా?" అంది, అతన్ని ఊరుకోబెట్టడానికి.

"ఆ పిలుపు దేవుడికి కాదే. ఆయనకు పిలవకపోయినా తెలుసు. అది మనుషులకి."

ఆమె గ్లాసులో టీ పోసి ఇచ్చింది. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ అంది, "నాకు అలవాటు తప్పింది. ఆ పిలుపుతోనే పొయ్యి వెలిగించేదాన్ని. ఇవాళ నిద్రపోయినట్టూ లేదు, లేచినట్టూ లేదు."

అప్పటి నుంచి దస్తగిరి మాట తగ్గించాడు. బజారులో తల ఎత్తలేదు. అడిగినదానికి రెండు ముక్కల్లో బదులు చెప్పేవాడు. ఒకరోజు మేక పరుపుల గలేబులు నములుతుంటే గట్టిగా అదిలించాడు. మేక తల తిప్పలేదు. కాశింబీ వెనక నుంచి వచ్చి, "నోటితో కొడితే మేకలు లేస్తయ్యా? కర్ర తీస్కో" అంది. మేకలు ఎప్పుడు మాట విన్నాయి గనక? దస్తగిరి కర్ర తీసుకున్నాడు. గొంతెత్తి మాట్లాడే అవసరం మళ్ళీ రాలేదు.

అవసరం వచ్చిన రోజుకి ముందు సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లారి ఎండ కాసింది. దస్తగిరి మసీదు మెట్ల మీద రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. కాశింబీ ఎదుటి దొడ్లో గలేబులు ఉతుకుతోంది. వాళ్ళ కంచెకు ఆనుకుని అంకమ్మ టీ బంకు. అక్కడ నలుగురు బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

దస్తగిరి నడుము నిలబెట్టుకోవడానికి తలెత్తాడు. కరెంటు స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ గాలికి జారి షెడ్డు రేకు మీద పడి ఉంది. దాని తొడుగు చీలింది. రేకు నుంచి చూరు దాకా కట్టిన దండెం ఇనుప తీగ దాన్ని తాకుతోంది. తాకినచోట చిన్న నిప్పురవ్వ లేచింది. కాశింబీ నీళ్ళు కారుతున్న గలేబు పిండి భుజాన వేసుకుని దండెం వైపు నడుస్తోంది.

"కాశింబీ! ముట్టుకోమాకు! కాశింబీ!"

తల లోపల పిడుగు పడ్డట్టు మోగింది. బజారులో ఏమీ లేదు.

మళ్ళీ అరిచాడు. అంకమ్మ అతని వైపే తిరిగి నిలబడి, వంచిన తల ఎత్తకుండా టీ వడకడుతోంది. బెంచీ మీద ఒకడు పేపరు పేజీ తిప్పాడు. ఆ కాగితం చప్పుడు దస్తగిరికి స్పష్టంగా వినపడింది. చీపురు పారేసి పరిగెత్తాడు. అతని మోకాళ్ళు పరిగెత్తే మోకాళ్ళు కావు. బజారు సగం దాటేసరికి కాశింబీ గలేబు దులిపి దండెం మీద వేసింది.

ఎండు కట్టెతో తీగను తప్పించి, ఆమెను పక్కకు లాగారు. అప్పటికే అయిపోయింది. బెంచీ మీది మనుషులు నెత్తి కొట్టుకున్నారు. అంకమ్మ దస్తగిరి చొక్కా పట్టుకుని ఏడ్చింది.

"ఒక్క కేక వెయ్యకపోయావా దస్తగిరి మావా! నేను ఈడనే ఉంటిని గదా! చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటిని!"

"వేశాను" అన్నాడు దస్తగిరి, మామూలు గొంతుతో. అది మాత్రం అందరికీ వినపడింది.

ఖననమైన తరువాత హైమ వచ్చింది. ఆమె మొహంలో నెత్తురు లేదు. ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ప్రయోగశాలకు రమ్మని అడిగింది. దస్తగిరి వెళ్ళాడు. గోడలకు మెత్తటి దిళ్ళలాంటివి అతికించిన గది. పనివాడు గనక చెయ్యి పెట్టి చూశాడు. దూది కాదు, ఏదో నురుగు.

"స్తంభాలు దేన్ని ఆర్పినా దాన్ని ఇక్కడ దాచుకుంటాయి" అంది హైమ. "ఆ రోజు మీరు నాకు అజాన్ వినిపించి ఉంటే స్తంభాలు అజాన్‌నే నేర్చుకునేవి. మీరు ఆమె పేరు పిలిచారు. దానికి అజాన్ అని పేరు పెట్టింది నేను. కాపాడటానికి తీసుకున్న నమూనా అది. ఊరు తీసేయమన్నప్పుడు అదే నమూనా ఆర్పే వైపుకు మారింది. యంత్రానికి మాట తెలియదు. ఎత్తిన మీ గొంతు తెలుసు. ఏ మాటైనా సరే, మీరు గొంతెత్తితే..." ఆమె ఆగిపోయింది.

దస్తగిరికి మేక గుర్తొచ్చింది.

"గడియ ఉంటే?" అన్నాడు.

"గడియ ఉంటే ఏ కేకనీ ఆర్పేవి కాదు."

"ఎవరు తీశారు?"

"నేనే. ఎక్కువమంది అడిగారు."

"ఈ గది కూలగొట్టమని రేపు ఎక్కువమంది అడిగితే కూలగొడతావా అమ్మా?"

ఆమె బల్ల మీద యంత్రం వైపు చూసింది. "మీ కేక దీంట్లో ఉంది. ప్రభుత్వం కమిటీ వేస్తోంది. ఇంకా చాలా ఊళ్ళు స్తంభాలు కావాలంటున్నాయి. కమిటీవాళ్ళకు ఈ కేక వినిపిస్తే గడియ ఎందుకు కావాలో నేను వేరే చెప్పనక్కర్లేదు. ముందు మీరు ఒకసారి వినాలి. మీ అనుమతి కావాలి."

ఆమె చెయ్యి మీట దాకా వెళ్ళింది.

"వద్దు" అన్నాడు దస్తగిరి. "వినాల్సింది వినలేదు. ఇంకెవరు వింటే ఏం? తుడిచెయ్యి."

"ఇది ఒక్కటే సాక్ష్యం."

"సాక్ష్యం నేనున్నా. తుడిచెయ్యి."

అతను చూస్తుండగానే తుడిచేసింది.

ఊరు ఊరుకోలేదు. జమ్ములవాగుకు సిగ్గు లేదని దస్తగిరి ఎప్పుడూ అనుకోలేదు. చెన్నకేశవులు ప్రత్యేకంగా సభ పెట్టించాడు. దస్తగిరిని కుర్చీలో కూర్చోబెట్టారు. మల్లికార్జునే ముందు లేచి, దస్తగిరి గొంతు దస్తగిరికి ఇచ్చేయాలన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజం నీళ్ళే. అందరూ చేతులెత్తారు. ఎత్తని చెయ్యి ఒక్కటీ లేదు.

"చూశావా రా!" అన్నాడు చెన్నకేశవులు. "ఊరంతా ఒక్క మాట మీదుంది. రేపటి నుంచి నీ అజాన్ నువ్వు పిలుచుకో. ఎవడన్నా కాదంటే నేను జూస్తా."

దస్తగిరి లేచాడు. "ఎల్లుండి?"

"ఎల్లుండేంది?"

"రేపు ఇచ్చారు. ఎల్లుండి ఇంకొకడి పిల్లాడికి పరీక్షలొస్తయి. అప్పుడు?"

"అట్టా ఎందుకవుద్దిరా? ఇంత జరిగినాక ఎవడు అడుగుతాడు?"

"అడగడానికి లేకుండా చెయ్యండి. గడియ మళ్ళీ వెయ్యమనండి. నాకే కాదు, చర్చోళ్ళకీ గుడికీ పసిబిడ్డ ఏడుపుకీ అందరికీ. మీ చేతుల్లో ఉండగూడదు. నా చేతుల్లోనూ ఉండగూడదు."

సభలో గుసగుసలు లేచాయి. ఇంతసేపూ ఏడ్చిన మొహాలు కొద్దికొద్దిగా బిగుసుకున్నాయి.

"అంటే మమ్మల్ని నమ్మవా మావా?" అని ఎవరో అడిగారు.

"ఇప్పుడే గదా అందరం ఇచ్చింది!" అన్నారు ఇంకెవరో. "ఇంకా ఏం కావాలంట?"

"ఒకసారి గడియ వేస్తే ఊరి పెత్తనం మళ్ళీ ఆ మేడమ్ దగ్గరికే పోద్ది" అన్నాడు మల్లికార్జున. కళ్ళు తుడుచుకున్నాడు. "మనిషికి కావాల్సింది ఇచ్చాం. ఊరి చేతులు కట్టెయ్యమంటే ఎట్టా?"

గడియ కావాలనేవాళ్ళు చేతులెత్తమన్నారు. అంకమ్మ ఎత్తింది. చర్చివాళ్ళు ఈసారి ఎత్తారు. ఇంకా అక్కడొకటి, ఇక్కడొకటి. దస్తగిరి చెన్నకేశవులు వైపు చూశాడు. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"సర్పంచ్‌ని రా నేను. ఊరు వద్దన్నదానికి నేనెట్టా ఎత్తేది?"

"నీది ఒక చెయ్యే గదా. నీ చెయ్యి అడిగా."

చెన్నకేశవులు చేతులు ముందుకు రాలేదు.

దస్తగిరికి అప్పుడు విషయం పూర్తిగా అర్థమైంది. ఊరికి దయ ఉంది. ఏడవమంటే ఏడుస్తుంది. అడిగితే చొక్కా విప్పి ఇస్తుంది. ఇచ్చేది తనే అయి ఉండాలి, తీసుకోవాలంటే తీసుకునే వీలుండాలి, అంతే. దాన్ని హక్కు అంటే మాత్రం ఒప్పుకోదు.

"మీరిచ్చింది మీరే ఉంచుకోండి" అని చెప్పి ఇంటికి నడిచాడు.

ఊరు ఇచ్చిన గొంతును అతను వాడలేదు. అజాన్ వేళకు మెట్లెక్కడం మానేశాడు. కర్రతో తలుపులు తట్టి వచ్చేవాడు. అతను అలిగాడని ఊళ్ళో అనుకున్నారు. అలక చిన్నపిల్లలకు.

హైమ కమిటీ ముందుకు ఒక్కసారి రమ్మని బతిమాలింది. వెళ్ళాడు. పొడవాటి బల్ల, దాని చుట్టూ చదువుకున్నవాళ్ళు. ఒకాయన మెత్తగా అడిగాడు: "ఎక్కువమంది ఇష్టం చెల్లకపోతే అది ప్రజాస్వామ్యమెలా అవుతుందండీ?"

దస్తగిరి అన్నాడు: "ఎక్కువమందికి నిద్ర కావాలి. ఒకడికి భార్య కావాలి. రెంటికీ ఒకటే తక్కెడ పెడితే నిద్రే తూగుద్ది. తక్కెడలో పెట్టగూడనివి కొన్ని ఉంటయ్. అవేందో ముందే తీసి పక్కన పెట్టండి. నాకు తెలిసింది అంతే."

జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. అది చెప్పడం అదే మొదలు. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఒకామె నీళ్ళ గ్లాసు జరిపితే తాగలేదు. మరోసారి వివరంగా చెప్పగలరా, రాసుకోవడంలో కొంత తప్పిపోయింది అని ఒకాయన అడిగాడు.

"విననివాళ్ళు ఎవరన్నా ఉంటే అది వాళ్ళ ఖర్మ" అని లేచి వచ్చేశాడు.

గడియ నియమమైంది. స్తంభాలున్న ప్రతి ఊళ్ళోనూ పెట్టాలి, ఏ సభా తీయడానికి వీల్లేదు, ఇష్టం లేని ఊరు స్తంభాలు తీసేయించుకోవచ్చు. జమ్ములవాగు రెండు సభలు పెట్టుకుని గొణిగింది. క్రషర్ మోత తలుచుకుని ఒప్పుకుంది. గడియ పడ్డ మర్నాడు తెల్లారుగట్ల దస్తగిరి మెట్లెక్కి అజాన్ పిలిచాడు. వాగు దాకా వెళ్ళింది. ఎదుటింట్లో పొయ్యి వెలగలేదు.

కొన్నాళ్ళకు చెన్నకేశవులు షెడ్డుకు వచ్చాడు. దస్తగిరి మిషను ఆపాడు. చెన్నకేశవులు దూది గోతం మీద కూర్చుని చాలాసేపు కండువా అంచు నలిపాడు.

"నిద్ర పట్టట్లేదు రా" అన్నాడు.

దస్తగిరి మిషను మీద మిగిలిన దూది దులిపాడు.

"ఆ రోజు నేను చెయ్యెత్తాల్సింది. గడియకి. తప్పే. మొదటిసారి కూడా... నేను సభని ఆపగలిగేవాణ్ణి. ఆపలా." కళ్ళెత్తాడు. "ఏదో ఒకటి అనరా. ఇట్టా ఉండమాకు. ఒకే బెంచీ మీద కూర్చున్నోళ్ళం. తిట్టు. అమ్మనా బూతులు తిట్టు, పడతా."

దస్తగిరి చేతులకంటుకున్న దూది నెమ్మదిగా తీసుకున్నాడు.

"తిడితే తీరిపోద్దని గదా వచ్చావు" అన్నాడు. "తీరదు. నేను తిట్టను. క్షమించను. చెప్పాల్సినకాడ ఒకసారి చెప్పా, అయిపోయింది. ఇంక దీని గురించి నా నోట ఒక్క మాట రాదు. నీతోనే కాదు, నా చుట్టాలతోనూ రాదు. ఎవరొచ్చి అడిగినా ఇంతే. లే, పొద్దుపోతంది."

చెన్నకేశవులు ఇంకా ఏదో అడగబోయాడు. దస్తగిరి మిషను వేశాడు.